ఎడమ భుజంలో దూది

దర్జీ ఆవిడకి ఆడపడుచు పేరెత్తితే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది. ఎవరింట్లో ఏం ఉడుకుతోందో, ఎవరి కోడలు ఎందుకు అలిగిందో అన్నీ ఆ మహాతల్లికే కావాలి. పిలవని చోటల్లా తలదూర్చి, పైగా "నా మంచితనమే నన్ను చంపుతోంది" అనేది. వీధి వీధంతా ఆవిడకి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టేసింది.

"ఇలాంటివాళ్లని ఇంగ్లీషులో ఏమంటారమ్మా?" అని, కొలతలకొచ్చిన టీచరమ్మాయిని ఓసారి గుసగుసగా అడిగింది దర్జీ ఆవిడ.

"మెడిల్‌సమ్ అంటారక్కా." ఇద్దరూ నోరు నొక్కుకుని నవ్వుకున్నారు.

ఆ అమ్మాయి సోమవారం కొత్త బళ్లో ఉద్యోగంలో చేరాలి, అక్కడ టీచర్లంతా చీర మీద కోటు వేసుకోవాలి. పుట్టుకతోనే ఎడమ భుజం కాస్త కిందికి. చదువుకునే రోజుల్లో తోటిపిల్లలు ఏడిపించిన సంగతి ఇంకా మరిచిపోలేదు. అందుకే ఆమె అడక్కుండానే కోటు ఎడమ భుజంలో దూది పొర ఎక్కువ పెట్టి కుట్టింది దర్జీ ఆవిడ. ట్రయల్ రోజున అద్దంలో రెండు భుజాలూ సమానంగా కనబడేసరికి, గుండీలు పెట్టుకోవడం కూడా మరిచి నిలబడిపోయింది ఆ అమ్మాయి. ఇద్దరిలో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఆదివారం దర్జీ ఆవిడ దారాలకని బజారుకెళ్లి వచ్చేసరికి కొట్లో ఇన్‌స్పెక్టరు గొంతు ఖంగున మోగుతోంది. అద్దం ముందు కోటు వేసుకుని ఆ అమ్మాయి. బెంచీ మీద మరో ఇద్దరు ఆడవాళ్లు. బల్ల మీద కత్తెర, పక్కనే పీకేసిన దూది.

"ఒకపక్కే అంత దూది కూరావేంటే? సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది, పీకేశాను. తీరా చూస్తే కోటు కాదు, ఈ పిల్ల భుజమే వంకర! నాకు తెలిసిన డాక్టరున్నాడులే అమ్మా."

బెంచీ మీదివాళ్లు మెడలు సాచి మరీ చూశారు.

"నీ చేతికి కత్తెర ఎవరిచ్చారు వదినా?" దర్జీ ఆవిడ బల్ల మీది దూదిని చేతిలోకి తీసుకుంది. "ఒక్క మాట నన్నడిగితే నీ సొమ్మేం పోయింది?"

"బాగుచేస్తే నా మీదే అరుస్తుందేంటి!" ఆవిడ మూతి తిప్పుకుంది. తప్పు చేశానన్న జాడ ఆ మొహంలో మచ్చుకైనా లేదు. మెడిల్‌సమ్ట, మెడిల్‌సమ్! ఆ మాట ఈవిడకి ఏ మూలకీ చాలదు.

కోటు విప్పించి, పళ్లు బిగబట్టి దూది మళ్లీ పరిచి కుట్టింది దర్జీ ఆవిడ. ఆ అమ్మాయి మళ్లీ తొడుక్కుంది.

"చూశావా, ఇప్పుడెంత బాగుందో! నేను చెప్పబట్టే కదా," అంది ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచి.

అద్దంలో రెండు భుజాలూ సమానంగానే ఉన్నాయి. ఆ అమ్మాయి చూపు మాత్రం ఎడమ భుజాన్ని వదలడం లేదు.

"అక్కా," అంది చివరికి, "బోర్డు దగ్గర ఎటు తిరిగి నిలబడితే పిల్లలకి కనబడదు?"