పిడి దగ్గరి పెద్ద రింగు

హనుమయ్యగారికి వద్దు అనడం రాదు. ఇరిగేషన్ ఆఫీసులో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ఆయన నోట ఆ మాట విన్నవాడు లేడు. పెళ్లి భోజనంలో వడ్డించేవాడు మళ్లీ మళ్లీ పులిహోర తెస్తుంటే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టడానికి కూడా ఆయనకు మొహమాటమే. అలాంటి మనిషి అరవయ్యో ఏట, బెంజ్ సర్కిల్ వెనక సందులోని తన ఫ్లాటులో, డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరుచుకుని చేపలు పట్టే రాడ్డు సొంతంగా తయారుచేసుకోవడం మొదలుపెట్టాడు.

కోరిక చిన్నదే. ఆ ఇంట్లో ఏ వస్తువు చూసినా ఎవరో కొనమన్నదో, ఎవరో వద్దనుకుని వదిలి వెళ్లిందో. ఒక్కటంటే ఒక్కటి తన చేత్తో చేసుకున్నది, తనకే సొంతమైనది ఉండాలనీ, దాంతో ఒక్క బొచ్చె చేపను గట్టు మీదికి లాగాలనీ ఆయన ఆశ. ఇంతకు మించి ఆయన భగవంతుణ్ణి ఏమీ అడగలేదు పాపం.

నల్లటి కడ్డీ ఆన్‌లైన్‌లో వచ్చింది, రీలు వచ్చింది. ఇక దారం నడవడానికి రింగులు కట్టాలి. రీలు దగ్గర పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నవి, కొసన గోరంతది. చేప లాగినప్పుడు కడ్డీ ఎలా వంగితే దారం ఆ వంపునే పట్టుకుని పోవాలి. మధ్యలో రింగులు లేకపోతే దారం అడ్డదారి పడుతుంది, బరువంతా ఒక్కచోట పడి కడ్డీ పుటుక్కుమంటుంది. హనుమయ్య ఇదంతా వీడియోలు చూసి శ్రద్ధగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాడు నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా! షష్టిపూర్తికి ఏం కావాలని చుట్టాలు గ్రూపులో అడిగితే, ఏమీ వద్దనడం చేతకాక, తలా ఒక రింగు ఇవ్వండి చాలన్నాడు.

అక్కడ చెడింది కథ. మన జనం గుడికి ట్యూబులైటు ఇచ్చినా, దాని మీద తాత పేరు నుంచి మనవడి పేరు దాకా రాయించి వెలుతురు బయటికి రాకుండా చేసే రకం. పైగా ఊళ్లో కట్టే ఫ్లెక్సీలు చూస్తూనే ఉన్నాం కదా. పెద్ద గుండ్రంలో పెద్దమనిషి, పక్కన తగ్గుతూ పోయే గుండ్రాల్లో మిగతావాళ్లు, చివర బఠాణీ గింజంత ముఖం. ఆ బఠాణీ ముఖంవాడు ఆ పూట అన్నం ముట్టడు. ఇప్పుడు రాడ్డు కూడా ఫ్లెక్సీ అయి కూర్చుంది.

పిడి దగ్గరి పెద్ద రింగు తనదేనని హనుమయ్య భార్య శివపార్వతి అన్నగారు పూర్ణచంద్రరావు ముందే ప్రకటించాడు. చెల్లెల్ని ఇచ్చిన ఇంట్లో ఆ మాత్రం మర్యాద జరగాలన్నాడు. హనుమయ్య మేనత్త సుబ్బరత్నం, బతికున్న పెద్దతలకాయను నేనుండగా వాడెవడన్నది. అల్లుడు సిద్ధార్థ మాత్రం ఏమీ అనలేదు. ఏమీ అనకుండా గారెల ప్లేటు పక్కకు జరిపి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. అల్లుడు గారెలు ముట్టలేదంటే దాని అర్థం తెలియనివాళ్లు ఆ ఇంట్లో ఎవరున్నారు? కూతురు కీర్తన వంటింట్లోకి వెళ్లి తల్లి చెవిలో ఏదో చెప్పి ముక్కు ఎగబీల్చింది. అపార్టుమెంటు ప్రెసిడెంటు కూడా తన పదవికి తగ్గ చోటు చూడమన్నాడు. ఇంతకీ అందరూ తెచ్చినవి ఒకే సైజు, పెద్ద సైజు. చిన్నది తెచ్చి పరువు తీసుకునేది ఎవరు?

ఆదివారం అందరినీ కూర్చోబెట్టి హనుమయ్య నచ్చజెప్పబోయాడు. ఉత్త కడ్డీకి తాత్కాలికంగా సెల్లోటేపుతో రింగులు అంటించి, దారం కొస పట్టుకుని ఎవరైనా లాగితే వంపు చూపిస్తానన్నాడు. లాగడానికి ఒక్కరూ లేవలేదు. ఎవరి రింగు ఎక్కడుందో చూసుకునే పనిలో ఉన్నారు అందరూ. చివరికి శివపార్వతి పిండి చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి కొస పట్టుకుంది. కడ్డీ చక్కగా వంగింది, దారం వంపు వెంటే నడిచింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

అందరూ భేషన్నారు. భేషని, మా రింగు అంత దూరాన ఎందుకుందని అడిగారు.

పైన ఉండటం చిన్నతనం కాదు, శిఖరం లాంటిదని హనుమయ్య మేనత్తను బుజ్జగించాడు.

"అంత శిఖరమైతే మీ బావను ఎక్కించు నాయనా. నా మోకాళ్లకు అంత ఎత్తు పడదు" అంది సుబ్బరత్నం.

సాయంత్రానికి రింగులన్నీ ఒక్కొక్కటే కిందికి దిగివచ్చి పిడి దగ్గర బస్సు ఫుట్‌బోర్డు మీద జనంలా కిక్కిరిసి నిలబడ్డాయి. పైన కడ్డీ అంతా బోడిగా మిగిలింది. తప్పని తెలుసు, విరుగుతుందని తెలుసు. అయినా ఆ మహానుభావుడు వద్దనలేక, తన చేతుల్తోనే ఒక్కో రింగుకూ ఎర్రదారం చుట్టి, జిగురు పూసి, ఆరబెట్టాడు. వన్ టౌన్‌లో షీల్డుల మీద పేర్లు రాసే అతని దగ్గరికి తీసుకెళ్లి బంగారు రంగుతో పేర్లు కూడా రాయించాడు. ఇంటికొచ్చి రాడ్డును గోడకు ఆనించి దానివైపు చూడలేక టీవీ పెట్టుకున్నాడు. దుఃఖం వచ్చింది ఆయనకు, నిజంగానే.

కడ్డీతో పాటు వచ్చిన కొస రింగు ఇంకా టేబుల్ మీదే ఉంది. గోరంత రింగు, దాన్ని ఎవరూ అడగలేదు. శివపార్వతి దాన్ని తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇది నాకివ్వండి. పేరేం రాయొద్దు."

ఆయన దాన్ని కొసన అంటించాడు. ఆ ఒక్కటీ ఉండాల్సిన చోట ఉంది.

షష్టిపూర్తి మర్నాడు కూచిపూడి అవతల తెలిసినవాళ్ల చేపల చెరువుకు అందరూ కార్లు కట్టుకుని బయల్దేరారు. గట్టు మీద కుర్చీలు, ఇడ్లీ డబ్బాలు, ఫోను కెమెరాలు. హనుమయ్య గాలం విసిరితే ఆ కిక్కిరిసిన రింగుల్లోంచి దారం గీరుకుంటూ బద్ధకంగా వెళ్లింది. బెండు తేలింది. ఇడ్లీలు అయిపోయే వేళకు ఒక్కసారిగా మునిగింది.

బొచ్చె. మామూలు బొచ్చె కాదు. కడ్డీ వంగింది, పైన బోడిచోట దారం వంపును వదిలేసి విల్లు అల్లెతాడులా బిగిసింది. హనుమయ్యకు ఏం జరగబోతోందో తెలుసు. ఠాప్‌మని విరిగింది. పై ముక్క చెరువులోకి ఎగిరిపోయింది. చేతిలో మిగిలింది పిడీ, దాని మీద చుట్టాలందరూనూ.

పూర్ణచంద్రరావు కళ్లజోడు పెట్టుకుని వచ్చి వంగి చూశాడు. ఒక్కొక్కటీ వేలితో తడిమి, "అమ్మయ్య, మన రింగులకేం కాలేదు" అని అందరికీ వినబడేలా చెప్పాడు. ప్రెసిడెంటు చప్పట్లు కొట్టాడు.

చేప ఇంకా దారానికే ఉంది. రీలు తిప్పుదామంటే దారం రింగుల గుంపులో పడి మెలికపడింది. హనుమయ్య చుట్టాలతో సహా ఆ పిడిని గట్టు మీద పడేసి దారం చేత్తో పట్టుకున్నాడు. అది అరచేతిని కోసింది. శివపార్వతి పరుగెత్తుకొచ్చి తన కొంగు ఆయన చేతికి చుట్టి, వెనక నిలబడి తనూ పట్టింది. ఇద్దరూ లాగారు. కాళ్లు బురదలో జారాయి, ఆవిడ పట్టుచీర పాడైపోయింది, అయినా వదల్లేదు. ముందు విరిగిన కొసముక్క తేలుతూ వచ్చింది, గోరంత రింగు దారాన్ని గట్టిగా పట్టుకునే ఉంది. దాని వెనకే బొచ్చె, తోక కొట్టుకుంటూ గట్టెక్కింది. హనుమయ్య బురదలో కూలబడి పసిపిల్లాడిలా నవ్వాడు.

ఫోటోలు మొదలయ్యాయి. చేప పక్కన ఎవరు నిలబడాలన్నది వేరే రగడ. తల ముక్క తనదేనని తెలిసి అల్లుడి ముఖం విచ్చుకుంది. పూర్ణచంద్రరావు పిడిని తుడిచి చంకలో పెట్టుకుని, రింగులన్నీ భద్రంగా ఉన్నాయి కాబట్టి కొత్త కడ్డీ తెప్పించి వీటినే దానికి ఎక్కిద్దామనీ, ఈసారి ఇంకాస్త దగ్గరదగ్గరగా కడితే ఇంకొందరికి చోటుంటుందనీ ప్రతిపాదించాడు. అందరూ తలలూపారు.

"వద్దండీ బావగారూ" అన్నాడు హనుమయ్య.

సుబ్బరత్నం అటూ ఇటూ చూసి, మాట్లాడింది ఎవరని కీర్తనను అడిగింది. హనుమయ్యకు కూడా ఒక్క క్షణం అదే అనుమానం వచ్చింది. కానీ ఆకాశం విరిగి మీద పడలేదు, చెరువు ఎండిపోలేదు. ఇంత తేలికైన మాటకా అరవై ఏళ్లు భయపడ్డానని ఆయనకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

కొసముక్కను దారం నుంచి విడదీసి చొక్కా జేబులో పెట్టుకుని, పట్టుచీర కుచ్చిళ్ల బురద దులుపుకుంటున్న భార్య దగ్గరికి వెళ్లాడు.

"పార్వతీ, కొత్త కడ్డీ వచ్చాక మళ్లీ కొస పట్టుకుని లాగుతావా?"

"మీరు వంపు సరిగ్గా చూసుకునేదాకా లాగుతాను" అంది ఆవిడ.