పదకొండు గలీబులు

ఆదివారం ఆరాధన అయిపోగానే బార్కస్‌లో దుకాణమున్న అవద్ భాయ్ రిక్షాలో వస్తాడని, వచ్చేటప్పుడు గిటారు తెస్తాడని, పోయేటప్పుడు కుట్టుమిషను తీసుకుపోతాడని ఇస్సాకు గురువారం సాయంత్రం చెప్పాడు. చెప్పేటప్పుడు భార్య మొహం చూడలేదు. చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటూ, ఆ సాసరుకే చెప్పినట్టు చెప్పాడు.

నీలమ్మ కాళ్లు మిషను పలక మీదే ఉన్నాయి. జాకెట్టు చంక దగ్గర సూది దిగి ఆగిపోయింది.

"మిషన్ ఇస్తవా?"

"ఆయన చెల్లెకు మిషన్ కావాల్నట. మనకు గిటార్ కావాలె. పైసల లొల్లే లేదు. ఇచ్చుడు, తెచ్చుకునుడు."

"మనకు కావాల్నా?"

"కువైట్ నుంచి వచ్చిన మాల్ అది, నీలా! పన్నెండు తీగలది. మన పట్నంల ఎంతమంది కాడ ఉంటది గసొంటిది? ఒక్కసారి మీటితే ఇద్దరు వాయించినట్టు పలుకుతది."

"మరి నేను దేనితోని కుట్టాలె?"

"కొన్నిరోజులు చేతితోని కుట్టుకో. తర్వాత కొత్తది తెద్దాం. నేను మాట ఇచ్చిన."

మాట ఇచ్చిన అన్నాక ఇస్సాకుతో మాట్లాడటం గోడతో మాట్లాడటమే. బస్సుల వర్క్‌షాపులో ఫిట్టరు అతను. మంచివాడు, తాగడు, చెయ్యెత్తడు. కాని ఒక గిటారు కంటపడిందంటే అది ఇంటికొచ్చేదాకా అన్నం సయించదు. ఆ మిషను నీలమ్మ తన కుట్టుకూలితో, పెళ్లయిన నాలుగో ఏట కొనుక్కున్నది. మాదన్నపేట కూరగాయల మార్కెట్లో కూర్చునే ఆడవాళ్లలో సగంమంది జాకెట్లు దాని మీద కుట్టినవే. అది పోతే ఆమె మళ్లీ పొద్దంతా ఒకరి చేతివంక చూసే మనిషి. ఆ సంగతి ఆమె పైకి అనలేదు. సూది పైకెత్తి, దారం తెంపి, జాకెట్టు మడిచి పెట్టింది.

వాళ్లవి రెండు గదులు. ముందు గదిలో పెద్ద గోడ నిండా మేకులే. వరసగా పదకొండు మేకులు, పదకొండు గిటార్లు. సున్నం రాలి, వీధి దుమ్ము పడి పాడవుతున్నాయని ఇస్సాకు అంటే నీలమ్మే వాటికి గలీబులు కుట్టింది. మిగిలిన జాకెట్టు ముక్కలు, పాత పరదాలు, లంగా అంచులు. ఒకటి పువ్వులది, ఒకటి చారలది, ఒకటి సగం ఎరుపు సగం పసుపు. మెడ దగ్గర నాడా. కొత్తగా వచ్చినవాళ్లకి పదకొండు మంది ఆడవాళ్లు గోడకి ఆనుకుని నిలబడ్డట్టు కనిపిస్తుంది.

గలీబులు లేని రోజులు నీలమ్మకి బాగా గుర్తు. అప్పుడు ఉన్నవి నాలుగే. డ్యూటీ నుంచి వచ్చి ఇస్సాకు ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని మీటితే, గోడమీది మూడూ ఎవరూ ముట్టకుండానే సన్నగా మూలిగేవి. కొత్త కోడలు నీలమ్మ ఉలిక్కిపడింది. "పలకరించుకుంటున్నయి," అన్నాడు ఇస్సాకు నవ్వి. గలీబులు వచ్చాక ఆ మూలుగు ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అతను ఎప్పుడూ అడగలేదు.

అతనికి తెలియనిది ఇంకొకటి ఉంది. మొదటి మేకుకి వేలాడే పువ్వుల గలీబులో గిటారు లేదు.

మూడు వారాల కిందట ఒకరోజు ఇస్సాకు ఊరికే మిషను చుట్టూ తిరిగాడు. చక్రం తిప్పి చూశాడు. "దీనికి తుప్పు గిట్ల పట్టలేదు గదా?" అన్నాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ దాని ఊసెత్తని మనిషి. నీలమ్మకి అర్థమైపోయింది. మర్నాడు అతను డ్యూటీకి వెళ్లగానే మొదటి గిటారు దించి, దుప్పటిలో చుట్టి, వెనక వీధిలో బర్రెలున్న లక్ష్మీకాంతమ్మ ఇంట్లో పెట్టి వచ్చింది. పువ్వుల గలీబులో గుడ్డపీలికలు కూరింది. మెడ కోసం విరిగిన మంచం పట్టె ముక్క పెట్టి, నాడా బిగించి మేకుకి తగిలించింది.

రెండు రోజుల్లో కనిపెడతాడు, లబలబలాడతాడు, అప్పుడు 'నీది పోతే నీకు ఎట్లుంది, నాది పోతే నాకూ అట్లే' అని చెప్పాలనుకుంది. అది అతని మొదటి గిటారు. పెళ్లైన వారానికి చాప మీద కూర్చుని ఆమెకి వినిపించింది దానిమీదే. ఆమె వేలు పట్టుకుని ఒక తీగ మీటించాడు కూడా.

రెండు రోజులు గడిచాయి. వారం గడిచింది. రెండో వారం వచ్చేసరికి ఆమెకి వేరే భయం పట్టుకుంది. కనిపెడితే ఏమంటాడో అనే భయం పోయి, అసలు కనిపెట్టడేమో అనే భయం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఇస్సాకు సుత్తె, మేకులు పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. పన్నెండోదానికి చోటు చెయ్యాలి. ఒక్కొక్క గిటారు దించి మంచం మీద పెడుతూ, మేకులు పీకి దగ్గర దగ్గరగా కొడుతున్నాడు. చివరి నుంచి మొదలుపెట్టాడు. నీలమ్మ వంటగది గుమ్మంలో బియ్యం చాట పట్టుకుని నిలబడిపోయింది. ఏడు. ఆరు. అయిదు.

"నేను అందిస్త, ఉండు," అంది, రెండోది దించేసరికి.

"ఊహూఁ," అన్నాడు. నోట్లో మేకులున్నాయి.

చెయ్యి చాపి పువ్వుల గలీబు మెడ పట్టుకున్నాడు. ఎత్తాడు. నీలమ్మ చాటలోంచి బియ్యం నాలుగు గింజలు నేలమీద పడ్డాయి. అతను దాన్ని మిగతావాటి పక్కన మంచం మీద పెట్టి, మేకు పీకి, జానెడు పక్కకి కొట్టి, మళ్లీ ఎత్తి తగిలించాడు. వెనక్కి రెండడుగులు వేసి వరస చూసుకున్నాడు.

"మంచిగ కూసున్నయి," అన్నాడు.

ఆమె చాట కింద పెట్టి వెనక వీధికి వెళ్లింది. లక్ష్మీకాంతమ్మ కుడితి కలుపుతోంది.

"ఎత్తిండక్కా. ఎత్తి పెట్టిండు. మళ్ల ఎత్తి తగిలిచ్చిండు."

"ఇగ దొరికిపోయినవా?"

"లేదు. తెల్వలే."

లక్ష్మీకాంతమ్మ మోచేతి దాకా ఉన్న కుడితి దులుపుకుంది. "మా ఆయన పదహారు బర్రెల్ల ఒకటి దగ్గితే పక్కమీదికెల్లి లేస్తడు. నేను దగ్గితే మాత్రం అటు మర్లి పంటడు, అది వేరే కత." నవ్వి, నీలమ్మ మొహం చూసి నవ్వు ఆపేసింది. "చెప్పెయ్ పిల్లా. రేపు ఆ భాయ్ వస్తే ఇగ అయిపాయె."

"చెప్తే కోపానికొస్తడు. కోపంల మిషన్ ఇంకా జల్ది పోతది."

"చెప్పకపోతే?"

నీలమ్మ లోపల దూలానికి వేలాడుతున్న దుప్పటి మూట వైపు ఒకసారి చూసి వచ్చేసింది.

ఆదివారం ఇస్సాకు అందరికంటే కొత్తదైన పదకొండో గిటారు చర్చికి పట్టుకెళ్లాడు. పాస్టరుగారు ఏం చెప్పారో నీలమ్మకి ఒక్క ముక్క ఎక్కలేదు. పొద్దున్నే మిషనుకి నూనె వేసి, తుడిచి, సగం కుట్టిన జాకెట్టు పెట్టెలో పెట్టి వచ్చింది. ఊరికి పంపే మనిషికి తల దువ్వినట్టు చేశానే అని దారంతా తనమీద తనకే కోపం వచ్చింది.

వాళ్లు ఇంటికొచ్చిన కాసేపటికే గుమ్మం ముందు రిక్షా ఆగింది. అవద్ భాయ్ పొడుగాటి మనిషి, గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు. బార్కస్‌లో పాత కుర్చీలు, గడియారాలు, రేడియోలు అమ్మే దుకాణం ఆయనది. కంబళిలో చుట్టిన గిటారుని పసిబిడ్డలా రెండు చేతులమీద తెచ్చి మంచం మీద పెట్టాడు.

"సలాం బహెన్. మిషన్ తయ్యార్ హై నా?" అంటూ వెళ్లి మిషను చక్రం తిప్పాడు. అది నూనె తాగి మెత్తగా తిరిగింది. "వా! మంచిగ రఖీ హై, కొత్తదాని లెక్క."

నీలమ్మ చాయ్ ఇచ్చింది. చాయ్ తాగుతూ అవద్ భాయ్ గోడ వంక చూశాడు. "ఏంది ఇస్సాకు భాయ్, గిన్ని ఉన్నయా నీ కాడ? గలీబులు అన్ని మూసినయి. ఏది ఏదో ఎట్ల ఎరుక?"

ఇస్సాకు మొహం వెలిగింది. "కండ్లు మూసుకుని చెప్త భాయ్. గీ చారలది సికింద్రాబాద్ బ్యాండోళ్ల కాడ తీసుకున్న. గా ఎర్రది కాజీపేటది. గీ నీలంది ఎవలూ ముట్టద్దు, దాని మెడ చానా నాజూకు."

"ఔర్ యే?" అవద్ భాయ్ వేలు పువ్వుల గలీబు వైపు తిరిగింది.

నీలమ్మ ఖాళీ కప్పులు ఎత్తుకోబోయి ఆగింది.

"గా పువ్వులది మొదటిది," అన్నాడు ఇస్సాకు. అతని గొంతు మెత్తబడింది. "లాలాగూడల ఒక రైలు గార్డు ఉంటుండె. ఊరిడిచి పోతుంటే నా చేతిల పెట్టి పోయిండు. కింద పగిలితే నేనే చెక్క అతికిచ్చిన. దాని మీదనే నేర్చుకున్న, దాని మీదనే మా నీలకు పాట వినిపిచ్చిన. ప్రాణం పోయినా దాన్ని ఇయ్య."

"తో జరా సునావ్. అదే వినిపియ్యి."

ఇస్సాకు లేచాడు. పువ్వుల గలీబు దించి ఒళ్లో పెట్టుకుని, నీలమ్మ వైపు చూసి చిన్నగా నవ్వాడు. నాడా లాగాడు.

రంగురంగుల పీలికలు అతని ఒళ్లోకి, కాళ్లమీదికి, నేలమీదికి జారాయి. మంచం పట్టె ముక్క గచ్చు మీద పడి చప్పుడు చేసింది.

ఇస్సాకు గలీబులో చెయ్యి పెట్టి తడిమాడు. లోపలే ఎక్కడో ఇరుక్కుని ఉంటుందన్నట్టు ఇంకా లోపలికి తడిమాడు.

"ఇరవై రోజులాయె," అంది నీలమ్మ. ఆమె గొంతు ఆమెకే వినపడలేదు. మళ్లీ చెప్పింది. "ఇరవై రోజులాయె అది తీసి. నిన్న నువ్వే ఎత్తినవు, దించినవు, మళ్ల తగిలిచ్చినవు."

"ఎక్కడున్నది?"

"ఉన్నది."

"ఎక్కడున్నదే?" ఇస్సాకు కేకకి బయట రిక్షా అతను లోపలికి తొంగిచూశాడు. అవద్ భాయ్ కప్పు కింద పెట్టి, చెప్పులు వేసుకుని, అరుగు మీదికి వెళ్లి కూర్చున్నాడు.

నీలమ్మ రెండు చేతులూ మిషను బల్ల మీద ఆనించింది. "మంచిగనే ఉన్నది. తక్కినయి ఎట్లున్నయో నువ్వు చూడు. చూసినంక చెప్త."

"అన్ని అమ్ముకున్నవా ఏంది?" అంటూ అతను గోడ మీదికి దూకినట్టే దూకాడు. చారల గలీబు నాడా తెంపేశాడు. గిటారు ఉంది. తీగలు తుప్పుపట్టి, మీటితే ఒకటి పుటుక్కున తెగి అతని వేలి మీద కొట్టింది. ఎర్రది తీశాడు. దాని మెడ తీగల బిగువుకి విల్లులా వంగిపోయింది. నీలందాని వీపు జిగురు ఊడి, నోరు తెరిచినట్టు ఉంది. తర్వాతి దాంట్లో ఎలుక గూడు పెట్టుకుంది, కాగితం ముక్కలు, నీలమ్మ కుట్టిన గలీబు దారాలు, నల్లటి పెంటికలు. ఆ గూడు చూశాక అతని చేతుల్లో వేగం తగ్గింది. మిగిలినవి మెల్లగా విప్పాడు. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని మీటి చూశాడు. పొద్దున చర్చికి పట్టుకెళ్లినదాంతో కలిపి పలికినవి మూడు.

గది నిండా గలీబులు కుప్పలుగా పడి ఉన్నాయి. నీలమ్మకి ఆ గెలుపు రుచించలేదు. ఎలుకల సంగతి ఆమెకీ తెలియదు.

"క్యా బోల్తే ఇస్సాకు భాయ్?" అరుగు మీది నుంచి అవద్ భాయ్ గొంతు. "రిక్షా అతను లొల్లి పెడుతున్నడు. మిషన్ ఎత్తుదునా?"

ఇస్సాకు మంచం దగ్గరికి వెళ్లి కంబళి మడత తీశాడు. పన్నెండు తీగల గిటారు, తేనెరంగు చెక్క, గీత కూడా లేదు. వంగి, ఒక్కసారి, వేళ్లన్నీ కిందికి జార్చాడు. ఆ ధ్వని గదంతా నిండింది. అతను చెప్పింది అబద్ధం కాదు, ఇద్దరు కలిసి వాయించినట్టే ఉంది. ఇక అయిపోయింది అనుకుంది నీలమ్మ. మిషను చక్రం మీద అరచెయ్యి పెట్టింది.

ధ్వని పూర్తిగా పోయేదాకా ఇస్సాకు వంగే ఉన్నాడు. తర్వాత కంబళి కప్పి, చివరలు లోపలికి దోపి, ఎత్తుకుని అరుగు మీదికి నడిచాడు.

"తీస్కపో భాయ్. పెట్టేతందుకు మేకు లేదు."

అవద్ భాయ్ మెడ చాచి లోపలికి చూశాడు. నిన్న కొట్టిన పన్నెండో మేకు కొత్తగా మెరుస్తోంది. "గదేంది మరి? మేకు తో హై."

ఇస్సాకు లోపలికొచ్చి ఆ మేకుని పట్టకారుతో పట్టి అటూ ఇటూ ఊపి పీకాడు. సున్నం పెళ్లలు రాలాయి.

"మాట ఇచ్చినవు ఇస్సాకు. నా చెల్లెకు నేను చెప్పుకున్న."

"ఇచ్చిన. తప్పు నాదే."

"భాయ్," అంది నీలమ్మ గుమ్మంలోకి వచ్చి, "మీ చెల్లె బట్టలు తెస్తే నేను ఊరికెనే కుడత."

"కుట్టుడు ఆమెకు వస్తది బహెన్. లేనిది మిషన్." ఆయన గిటారుని రిక్షాలో పెట్టుకున్నాడు. "ఇస్సాకు, ఇగ నా దుకాన్ మెట్లు ఎక్కకు." రిక్షా మార్కెట్ మలుపు తిరిగేదాకా ఇస్సాకు తల ఎత్తలేదు.

నీలమ్మ వెనక వీధి నుంచి దుప్పటి మూట తెచ్చింది. దాన్నిండా ఎండుగడ్డి వాసన, పిడకల పొగ వాసన. ఇస్సాకు విప్పి వాసన చూశాడు, కింద అతికించిన చెక్కని బొటనవేలితో రుద్దాడు. లేచి, పలికే మూడింటిని గలీబులు లేకుండా గోడకి తగిలించాడు. మిగతా ఏడింటినీ మంచం మీద పెట్టాడు. చాప మీద కూర్చుని మొదటిదాని తీగలు ఒక్కొక్కటీ బిగించాడు. చాలాసేపు పట్టింది. ఆమె పెట్టెలోంచి జాకెట్టు తీసి, దారం ఎక్కించి, మిషను ముందు కూర్చుంది.

అతను మీటాడు. వెంటనే అరచేతితో తీగలన్నీ మూశాడు.

గోడమీద మూడు గిటార్లు, ఎవరూ ముట్టకుండానే, సన్నగా మూలుగుతున్నాయి.

ఇస్సాకు తల తిప్పి ఆమె వైపు చూశాడు, రిక్షా పోయాక అదే మొదటిసారి. నీలమ్మ కాలు పలక మీద పెట్టింది కాని తొక్కలేదు. ఆ మూలుగు పూర్తిగా ఆగిపోయాక జాకెట్టు చంక దగ్గర సూది దించి, చక్రం తిప్పింది.