రఫ్ఫుకు ధర

“చిరుగు ఎక్కడుందో కనపడటమే లేదు కదండీ, ఇంకాస్త తగ్గించండి” అనే మాట మా దుకాణంలో వారానికి నాలుగుసార్లైనా వినపడుతుంది. చిరిగిన బట్టకు రఫ్ఫు చేసేది మా అత్తగారు, లోపలి గదిలో, కిటికీ పక్కన. ధర చెప్పేది మా ఆయన అన్నగారు, గల్లాపెట్టె దగ్గర. ఇదివరకు మామగారు చెప్పేవారు. పని ఎంత బాగా కుదిరితే అంత కనపడదు, కనపడనికొద్దీ బేరం పెరుగుతుంది. నలభై ఏళ్లుగా ఆవిడ తన పనితనంతో తన ధర తానే తగ్గించుకుంటూ వచ్చారు.

నేను కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్తాను. అందులో నాకు ప్రాణమైన పాఠం విలువ గురించి. వస్తువుకు విలువ ఎక్కడి నుంచి వస్తుందని పెద్దమనుషులు వందల ఏళ్లుగా జుట్లు పట్టుకుంటున్నారు. భూమి నుంచి అన్నారు కొందరు. కాదు, పడ్డ శ్రమ నుంచి అన్నారు తర్వాతివాళ్లు. శ్రమా లేదు గిమా లేదు, కొనేవాడికి ఇంకొక్కటి ఎంత కావాలో అంతే దాని విలువ అన్నారు ఇంకొందరు. నీళ్లు లేకపోతే చస్తాం, అయినా చవక. వజ్రం లేకపోతే ఏమీ కాదు, అయినా ప్రియం. ఈ ముడి విప్పడానికి వాళ్లు పడ్డ పాట్లు తలచుకుంటే నాకిప్పటికీ ముచ్చటే. ఒక్కటే కినుక. ఇంట్లో ఆడవాళ్ల పని దగ్గరికొచ్చేసరికి అంత మేధావుల్లోనూ చాలామందికి చూపు ఆనలేదు. మా ఆయనైతే ఒక్క ముక్కలో తేల్చేశారు: “అమ్మకు అదొక కాలక్షేపం.”

ఆ కాలక్షేపాన్ని సెలవురోజుల్లో దగ్గర కూర్చుని చూస్తాను. బట్ట లోపలి మడతలోంచి పోగులు లాగి, చిరుగు మీద నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని, మగ్గం మీద నేసినట్టే నేస్తారు. ఊపిరి బిగబట్టేది నేను, ఆవిడ కాదు. ఆవిడంటే నాకు గౌరవమే కాదు, కాస్త అసూయ కూడా. అలాంటి ఆవిడకు పోయిన వారం కంటి డాక్టరు చెప్పేశాడు, సన్నపని ఇంకో ఏడాదికి మించి వద్దని. ఇంటికొచ్చి సూదిలో దారం ఎక్కించుకున్నారు.

మొన్న ఒకాయన ఉన్నికోటు తీసుకెళ్లడానికి వచ్చాడు. మోచేతి దగ్గర ఎలుక కొట్టిన బొక్కకు మూడు రోజుల పని పట్టింది. తిప్పి తిప్పి చూసి, అసలేం చేశారని ఇంత అడుగుతున్నారన్నాడు. బావగారు అలవాటుగా సగానికి దిగబోయారు. అత్తగారు కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని బయటికొచ్చారు.

“చిరుగెక్కడుందో చూపించు బాబూ. చూపిస్తే ఊరికే తీసుకెళ్లు.”

ఆయన కోటును గుమ్మం దగ్గర వెలుతురులోకి పట్టుకెళ్లాడు. తిరగేశాడు, గోటితో గీరాడు. బావగారు కూడా వంగి వెతికారు. చివరికి ఇద్దరూ కలిసి చూపించింది కుడి చెయ్యి. ఎలుక కొట్టింది ఎడమది.

అత్తగారు ధర చెప్పారు. బావగారు మొదట చెప్పినదానికి రెండింతలు.

“దేని లెక్కనమ్మా అంత?” అన్నాడు కోటు తెచ్చినాయన, కోపం లేకుండానే.

నా పాఠమంతా నాలుక చివర నిలబడింది. పట్టిన గంటలు చెప్పాలా, ఆయన అవసరం చెప్పాలా, ఇంత పనిమంతురాలు ఊళ్లో ఇంకొకరు లేరని చెప్పాలా? ఏది అందించాలా అని నేను తడుముకుంటుండగా, ఆవిడ నావైపు చూడనైనా లేదు.

“నేను చెప్పిన లెక్కన” అన్నారు.

ఆయన ఆవిడ అడిగినంతా తీసి, అలవాటుగా బావగారి వైపు చాచాడు. అత్తగారు మధ్యలోనే అందుకున్నారు.