మింబర్‌ను ఏమని పిలవాలె

లక్సెట్టిపేటల వడ్ల రాజలింగు కట్టెతోటి చేసిన సామాన్లకు ట్రాలీ కిరాయి ఉండది. కొనుక్కున్నోళ్లు వచ్చి పేరువెట్టి పిలిస్తే అవే లేచి ఎంట పోతయి. "మంచమా, నడువు" అంటే మంచం నడుస్తది. బజార్ల దర్వాజలు మనుషుల ఎనుక పోతుంటే అందరు జర పక్కకు జరుగుతరు, అంతే.

ఆ శుక్రవారం మాత్రం రాజలింగు పరేషానయిండు. మసీదుల ఇమాం సాబ్ ఎక్కి ప్రసంగం చేసే మెట్ల పీఠం, టేకుతోటి చేసింది, దుకాణంల నుంచి కదుల్తలేదు. ఇంక కొంచెం సేపైతే జుమ్మా నమాజు.

"మింబర్, చలో" అన్నడు మసీదు కమిటీ ఖాజా సాబ్. కదల్లే.

"అరబ్బీల మిన్బర్ అంటరు" అనుకుంట ఇమాం సాబ్ గొంతు సవరించుకొని పిలిచిండు. ఊహూ. పక్కింటి శ్రీహరి సారు వచ్చి "ప్రసంగ వేదికా!" అన్నడు. కట్టె దించ వచ్చిన ఆదిలాబాద్ డ్రైవర్ మరాఠీల "వ్యాసపీఠ్" అని చూసిండు. అది దూలం లెక్క అట్లనే ఉన్నది.

"చేసినోనివి, నీకే తెల్వదా?" ఖాజా సాబ్‌కు కోపమచ్చింది.

"మింబరనుకుంటనే చేసిన సాబ్!" రాజలింగు నెత్తి కొట్టుకున్నడు.

గప్పుడే ఆయన భార్య అనసూర్య సంచి సంకకేసుకొని లోపటి నుంచి వచ్చింది. కాగజ్‌నగర్‌ల చెల్లె దగ్గరికి పోతున్నది, మల్ల రానని. పెండ్లయినప్పటి సంది ప్రతి సామాను గరుకు కాయితంతోటి రుద్ది నూనె పెట్టేది ఆమెనే. ఎన్నడన్న ఓ మాట చెప్పబోతే "నీకేం తెలుసు" అంటడు రాజలింగు. నిన్న కూడ గదే అన్నడు.

తొవ్వకు అడ్డంగ పీఠం.

"అందరు దీని సుట్టే! జరుగవే గద్దె, నా బస్సు పోతది!" అని కసురుకున్నది.

గద్దె జరిగింది. ఆమె గడప దాటంగనే టకటక మెట్లు కొట్టుకుంట ఎనుకనే నడిచింది.

"గద్దెనా?" అన్నడు రాజలింగు.

"నెలంత గద్దె గద్దె అనుకుంట దాన్ని రుద్దింది నేను. ఇంకేమని పిలుస్త?"

బస్టాండు దాక అది ఇడిసిపెట్టలే. కండక్టర్ చూసి "గిది ఎక్కదమ్మా" అన్నడు. బస్సు పోయింది. అనసూర్య తిట్టుకుంట ఎనుకకు మలిగి మసీదు దిక్కు నడిచింది. గేటు కాడ నిలవడి, "ఇగ పో తల్లీ, లోపటికి పో" అంటే గప్పుడు పోయింది. ఇమాం సాబ్ నవ్వి, "గద్దె మంచి పేరేనమ్మా" అన్నడు.

ఆమె ఇంటికచ్చేసరికి రాజలింగు సగం చేసిన స్టూలు ముందట నిలవడ్డడు.

"గిది... నువ్వేమంటవ్?" అని మెల్లగ అడిగిండు. గట్ల అడుగుడు అదే మొదలు.

అనసూర్య దాని సుట్టు ఒకసారి తిరిగింది.

"చెల్లె ఎదురుచూస్తుంటది. అస్తలేదని నువ్వే ఫోన్ చేసి చెప్పు" అన్నది. కొంగు నడుముకు చెక్కి కూసున్నది. "ముందుగాల గీ కాలు వంకర తియ్యి. బజార్ల గిది కుంటుకుంట నడిస్తే ఎవరి ఇజ్జత్ పోతది?"