కదలనిది కంటికి ఆనదు

ఆ ఇంట్లో అంట్లు చప్పుడు కాకుండా తోమాలి. ఆయన టీవీ చూసే వేళ గిన్నెకి గిన్నె తగిలిందా, హాల్లోంచి అత్తగారి గొంతు వచ్చేస్తుంది. "వాడు అలిసిపోయి వచ్చాడమ్మా, అక్కడేమైనా యుద్ధం చేస్తున్నావా?" అని. అందుకని ఆమె సింకు అడుగున పాత తువ్వాలు పరిచి, దాని మీద పెట్టి తోముతుంది. చెంచాల్ని కూడా నిద్రపోయే పసిపిల్లల్ని పడుకోబెట్టినట్టు ఒక్కొక్కటే దించుతుంది. పెళ్ళైన కొత్తల్లో ఏడుపొచ్చేది. తర్వాత కొన్నాళ్ళు కోపం వచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు. కాలు తిమ్మిరెక్కాక గిల్లినా తెలియదు చూడండి, అలా ఉంది.

ఆయనకో సిద్ధాంతం ఉంది. ఫోన్లో వీడియోలు చూసి పట్టాడు. మనుషులంటే బట్టలు కట్టుకున్న జంతువులేనట. "మగాడు వేటకెళ్ళేవాడు, ఆడది గుహలో పొయ్యి చూసుకునేది. లక్షల ఏళ్ళుగా రక్తంలో వస్తోంది. నేను పెట్టిన రూలా?" అంటాడు, కాళ్ళు బల్ల మీదకి బారజాపుకుని. ఆయన వేట ఏసీ గదిలో, బీమా కాగితాల మీద. అంతటి వేటగాడూ రిమోటు కనబడకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు. తీరా చూస్తే అది ఆయన తొడ కిందే ఉంటుంది. ఇద్దరం ఉద్యోగాలకి పోతుంటే ఇక గుహలో ఉన్నదెవరండీ అని అడగొచ్చు. అడగదు. ఆయన గొంతు పెరిగితే చాలు, ఆమె ఒళ్ళు దానంతటదే బిగుసుకుపోతుంది. గ్లాసు చేతిలోనే, ఊపిరి గొంతులోనే. గద్ద నీడ పడ్డ కోడిపిల్లలా అలాగే ఉండిపోతుంది. కాసేపటికి ఆయన చూపు ఇంకో దాని మీదకి పోతుంది. ఆ పూటకి గండం గడిచినట్టే.

ఆమె పనిచేసేది ఓ పెద్ద షాపింగ్ మాల్ అడుగున, కిటికీలు లేని గదిలో. గోడ నిండా కెమెరా తెరలు. పొద్దుటి నుంచి వాటిని చూస్తూ కూర్చోవాలి. అక్కడి ఇన్‌చార్జిని అందరూ మీసాలాయన అంటారు. ఆయన పని మానేస్తున్నాడు. "నా కుర్చీలో నువ్వు కూర్చోవాలమ్మా. డ్యూటీ సాయంత్రాలు పడుతుంది, జీతమూ పెరుగుతుంది. రేపటికల్లా ఏ మాటా చెప్పకపోతే పైవాళ్ళు బయటి మనిషిని తెచ్చేస్తారు" అన్నాడు.

ఇంట్లో చెప్తే ఆయన టీవీ మీంచి తల తిప్పలేదు. "సాయంత్రం నువ్వు లేకపోతే మాకు తిండెవడు పెడతాడు? వద్దని చెప్పెయ్."

"ఇంటికే నువ్వు ఇన్‌చార్జివి కదమ్మా, ఇంకేం కావాలి!" అని అత్తగారు నవ్వింది.

సరే అంది. వద్దని చెప్పడానికే మర్నాడు డ్యూటీకి వెళ్ళింది.

చెప్పేలోపు ఒక తల్లి రొప్పుతూ వచ్చిపడింది. పిల్ల తప్పిపోయిందట. అందరూ తెరల మీద పడ్డారు. పరిగెత్తే పిల్ల కోసం, ఏడ్చే పిల్ల కోసం. మెట్లు, ఆటల గది, గేట్లు, అన్నీ గాలించారు. చివరికి ఊడ్చే మనిషి పిల్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, చెప్పుల షాపు స్తంభం దగ్గర నిలబడి ఉందని.

మీసాలాయన రికార్డింగు వెనక్కి తిప్పాడు. ఆ స్తంభం ఆమె చూసే తెరలోదే. ఎవడో ఫోన్లో గట్టిగా అరుస్తుంటే, పిల్ల స్తంభానికి అతుక్కుని, చేతులు ఒంటికి ఆనించుకుని నిలబడిపోయింది. అంతసేపూ తెర మధ్యలోనే ఉంది. ఆమె చూపు ఆ పిల్ల మీంచి ఎన్నిసార్లు పోయిందో!

"నీ తప్పు కాదులేమ్మా. కదిలేదే కంటికి ఆనేది. లేడిపిల్లలు చూడు, భయమేస్తే గడ్డిలో అతుక్కుపోతాయి. పులి పక్కనుంచి పోయినా కనబడవు" అన్నాడు మీసాలాయన.

"మరి తల్లికి కనబడతాయా?"

ఆయన మీసం సవరించుకున్నాడు. ఆ గొడవలో ఆమె వద్దని చెప్పడం మర్చిపోయింది.

సాయంత్రం కూర కలుపుతుంటే హాల్లో ఆయన మొదలెట్టాడు. "నా చార్జరు ఎవరు తీశారు? ఈ ఇంట్లో ఒక్క వస్తువు పెట్టిన చోట ఉండదు!" గరిటె పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. వంటింటి గుమ్మంలోంచి ఆమె కళ్ళు మాత్రం, ఉద్యోగం అలవాటు కొద్దీ, హాలంతా తిరిగొచ్చాయి. టీవీ. సోఫాలో ఆయన. అత్తగారు. బీరువా. ఇంకెవరూ లేరు. ఎందుకో ఇంకోసారి తిరిగాయి.

బీరువాకీ గోడకీ మధ్య ఆమె కూతురు నిలబడి ఉంది. చేతులు ఒంటికి ఆనించుకుని, రెప్ప వెయ్యకుండా.

"అరవకురా, బీపీ పెరుగుద్ది" అంటోంది అత్తగారు. "నీ కూతుర్ని చూసి నేర్చుకో. బంగారం! ఇంట్లో ఉందో లేదో కూడా తెలీదు."

ఆమె పొయ్యి కట్టేసింది. ఫోను తీసుకుని హాలు మధ్యకి, సరిగ్గా ఆయనకీ టీవీకీ నడుమకి వచ్చి నిలబడింది. మీసాలాయనకి ఫోన్ చేసింది.

"నేనేనండీ. ఆ పని నేను చేస్తాను. పైవాళ్ళకి నా పేరే చెప్పండి."

"ఏయ్, వద్దని చెప్పమన్నానా లేదా?" ఆయన లేచి కూర్చున్నాడు. "ముందు అడ్డం లే, టీవీ కనబడటం లేదు."

"నేను కనబడుతున్నానా?" అని అడిగింది.

ఆయన రిమోటు దించి ఆమె వంక చూశాడు.

"కనబడుతున్నాను కదా. అయితే వినండి. ఇకనుంచి సాయంత్రాలు నేనుండను. పొయ్యి మీరు చూసుకోండి" అంది. బీరువా వైపు చెయ్యి చాపింది. పిల్ల తండ్రిని చూసింది, నాయనమ్మని చూసింది, తర్వాత వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

ధైర్యమేమీ కలగలేదు. సంతోషమూ లేదు. కాళ్ళు మాత్రం వణకడం మొదలెట్టాయి. ఆమె వాటిని వణకనిచ్చింది.