నా మీద పడని చుక్క

నేను ఒక రక్తపరీక్ష కార్డును. అరచేతిలో ఇమిడిపోతాను. ఒక్క రక్తపు చుక్క, ఇరవై నిమిషాలు ఇస్తే చాలు. ఒక గీత పడితే హెచ్‌ఐవీ లేనట్టు, రెండు పడితే ఉన్నట్టే అనుకోవాలి. మొహమాటం నాకు చేతకాదు. మనుషులకు నాతో పేచీ అంతా అక్కడే.

ఫ్యాక్టరీలో పుట్టి, ఐసుపెట్టెల్లో ఊరూరూ తిరిగి, ఓ పెద్దాసుపత్రిలో పద్నాలుగో నంబరు గదికి చేరాను. ఆ గది ముందు బెంచీ మీద ఎవరూ కూర్చోరు. పక్కనున్న పళ్ల డాక్టరు బెంచీ మీద కూర్చుని, పన్ను నొప్పి నటిస్తూ వంతు కోసం చూస్తారు.

నూకరత్నం కూడా అలాగే దవడ పట్టుకుని వచ్చింది. ఇంటర్ రెండో ఏడాది. మూడు నెలలుగా జ్వరం, నోటినిండా పూత. టెక్నీషియన్ పోలినాయుడిది తొందర చెయ్యి. పిల్ల పేరు చెప్పీ చెప్పకముందే నా కవరు చించేశాడు. చించాక గంటలోపు వాడకపోతే నేను దేనికీ పనికిరాను. కౌన్సెలర్ అరుణజ్యోతి అప్పుడు అడిగింది, వయసెంతని.

"పదిహేడు, మేడమ్."

"పద్దెనిమిది నిండలేదుగా, అయితే అమ్మ సంతకం కావాలి."

ఫోను చేస్తే తల్లి అప్పలనరసమ్మ వచ్చింది. ఆమెను చూడగానే అరుణజ్యోతి రాస్తున్న పెన్ను ఆగిపోయింది. నెలనెలా ముఖానికి కొంగు చుట్టుకుని, ఎదుటి గదిలో హెచ్‌ఐవీ మందులు తీసుకెళ్లే మనిషే. ఆ సంగతి కూతురికి చెప్పే హక్కు అరుణజ్యోతికి లేదు. తల్లిని తలుపు వారకు తీసుకెళ్లి బతిమాలింది.

"మందులు నిన్ను నిలబెట్టాయి కదమ్మా. పిల్లనీ నిలబెడతాయి."

"దానికుందని తేలితే ఎవుల కాడ్నుంచొచ్చిందని అడగదేటి? నానేటి సెప్పాల?" అని గొణిగి, వెంటనే గొంతు పెంచింది. "మా పిల్లకి అలాటి రోగాలేటీ నేవు. పదే!"

రత్నం కదల్లేదు. బల్ల మీది సూది లాక్కుని తన వేలికి తనే పొడుచుకుంది. "అమ్మా, ఒక్క సుక్కేనే" అంటూ వేలు నా మీదికి వంచింది. చుక్క జారబోతుండగా తల్లి ఆ వేలిని కొంగుతో తుడిచేసింది, చిన్నప్పుడు మూతి తుడిచిన అలవాటుతోనే. తర్వాత చెంప మీద ఒక్కటిచ్చింది. ఆ చుక్కను చదవడం కొంగుకేం తెలుసు? తెలిసిన నాకేమో అందలేదు. నాకు నోరుంటే ఆ రోజు బండబూతులు తిట్టేదాన్ని.

గంట గడిచింది. పోలినాయుడు రిజిస్టరులో "వృథా: ఒకటి" అని రాశాడు. రాసింది నా గురించే.

పారేయకుండా అరుణజ్యోతి నన్ను నమూనాగా ఉంచుకుంది. ఐదు నెలల తర్వాత, డిసెంబరు ఒకటిన, ఎయిడ్స్ దినం నాడు, అవగాహన సదస్సని రత్నం చదివిన కాలేజీకే తీసుకెళ్లింది. రెండో వరుసలో ఒక చోటు ఖాళీగా ఉంది.

"రత్నం టైఫాయిడ్‌తో పోయింది మేడమ్. వాళ్లమ్మే సెప్పింది" అన్నారు పిల్లలు.

అరుణజ్యోతి సంచిలో తడిమి నన్ను తీసింది. ఆపైన నన్ను పైకెత్తి, భయపడకండి, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది, ఎవరైనా రావచ్చు అని చెప్పింది. చప్పట్లు మోగాయి.

అందరూ వెళ్లాక ఓ పిల్ల దగ్గరకొచ్చింది. చెయ్యి దవడ మీద ఉంది.

"రేపొస్తే నాకు సేస్తారా, మేడమ్?"

అరుణజ్యోతి నన్ను సంచిలో పడేసి, ఆ పిల్ల ముఖం చూడకుండా అడిగింది.

"పద్దెనిమిది నిండాయా?"