సగం అంగీకారం

కాలేజీలో కామర్స్ చెప్పే ఆ మేడమ్‌కి కోపమొస్తే చాక్‌పీసు ముక్కలవుతుందని పిల్లలందరికీ తెలుసు. ఆ శనివారం మాత్రం ఆమె పడీపడీ నవ్వింది. బోర్డు మీద ఉన్న ప్రశ్న ఇది: 'నువ్వేమీ చెప్పకపోతే నీ కుట్టుమిషన్ నాకు అమ్మినట్టే' అని ఒకడు కబురు పెట్టాడు. అవతలివాడు ఉలకలేదు, పలకలేదు. ఒప్పందం కుదిరినట్టా, కానట్టా?

చివరి బెంచీ పిల్ల లేచింది. "మౌనం అర్ధాంగీకారం కదా మేడమ్, సగం మిషన్ ఇచ్చేస్తే సరిపోతుంది."

క్లాసంతా గొల్లుమంది.

"చట్టానికి సామెతలు తెలియవమ్మా. ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు" అని మేడమ్ కూర్చుంది. కూర్చున్నాక నవ్వు ఆగిపోయింది. వారం కిందట అన్నయ్య అచ్చం అలాంటి కబురే పెట్టాడు మరి. 'నాన్న కొట్టుకి బేరం వచ్చింది. ఆదివారంలోగా నువ్వేమీ అనకపోతే ఇష్టమే అనుకుంటాను.' ఊరందరికీ చట్టం చెప్పే మనిషి అప్పట్నుంచీ కిక్కురుమనలేదు. అమ్మేయమనడానికి మనసొప్పదు. వద్దనడానికి మొహం చెల్లదు, కొట్టు నడుపుతున్నది తను కాదు కదా!

సాయంత్రం, వద్దనే చెప్పేద్దామని బయల్దేరింది.

అది గొడుగుల కొట్టు. షట్టర్ సగం ఎత్తి, అన్నయ్య మిగిలిన సరుకు చూసుకుంటున్నాడు. మైనం పూసిన బట్ట వాసన ముక్కుకి తగలగానే చిన్నతనమంతా ముంచుకొచ్చింది. కొత్త సరుకు దిగిన రోజు పాత గొడుగులు ముందు కొక్కేలకి, కొత్తవి వెనక్కి సర్దడం అన్నాచెల్లెళ్ళ పని. "ముందొచ్చింది ముందు పోవాలర్రా, లేకపోతే మడతల్లో చిరుగుతుంది" అనేవాడు నాన్న. సర్దేది తక్కువ, గొడుగులు తెరిచి కత్తియుద్ధాలు చేసేది ఎక్కువ. వాన పడిందా, వీధి వీధంతా కొట్టులోనే తలదాచుకునేది, కొనేవాడు మాత్రం ఒక్కడుండేవాడు కాదు. ఎంత హాయి రోజులవి! ఇప్పటికీ సరుకు నిల్వల లెక్కలు చెబుతుంటే ఆమెకి పుస్తకం కనబడదు, ఆ కొక్కేలే కనబడతాయి.

అన్నయ్య స్టూలెక్కి పై అరలోంచి పెట్టె దించబోయాడు. మోకాలు పట్టేసింది. గోడకి చెయ్యి ఆనించి, పంటి బిగువున నొప్పి ఓర్చుకుని, ఆమెని చూశాడు.

"ఏమే, ఎప్పుడొచ్చావ్?" అన్నాడు ఏమీ కానట్టు.

"ముందు దిగు."

దిగాడు. "రేపు వాళ్ళొస్తున్నారు. నువ్వేం మాట్లాడలేదుగా, సరేననుకున్నా."

"మాట్లాడకపోతే సరేనన్నట్టు కాదన్నయ్యా. చట్టంలో చెల్లదది."

"అయితే వద్దంటావా?"

వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ మోకాలితో అతను ఇంకెన్నాళ్ళు ఎక్కి దిగుతాడు? తను నోరు మెదపకపోయినా కొట్టు ఎలాగూ పోతుంది. పోగొట్టిన పాపం మాత్రం అతనొక్కడి నెత్తినే ఉంటుంది.

"అమ్మేద్దాం" అంది. "నోరారా చెబుతున్నా, విను. రేపు నేనూ నీ పక్కనుంటా. ఎవరడిగినా ఇద్దరం కలిసే అమ్మామని చెప్పు."

అన్నయ్య ఆ స్టూలు మీదే కూలబడ్డాడు. నాన్న పోయిన రోజు కూడా కంటతడి పెట్టని మనిషి, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"నాన్న కొట్టు నేను అమ్మేసుకున్నాననుకుంటావేమోనని వారం నుంచీ నిద్ర లేదే నాకు" అన్నాడు.